పసుపుచొక్కా

మా యింటి డాబామీది దండెమున నొక పసుపుపచ్చని చొక్కా యారుచున్నది. దాని యెడమ రొమ్మున నొక ఫుట్‌బాల్ జట్టు చిహ్నము గలదు. ఆ జట్టిపుడు లేదు. ఆటగాండ్రు లేకపోలేదు, యజమానులు లేకపోలేదు, పోటీలలో నాడుటకు వలసిన స్థానమును బోలేదు. పోయినవి మా యూరి పేరును, ఈ చొక్కామీది గుర్తును మాత్రమే. 2025వ సంవత్సరము అక్టోబరు నెలలో హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు తన నివాసమును ఢిల్లీకి మార్చుకొని, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ యను క్రొత్త పేరును ధరించినది. మా మనుమరాలు మాత్రము పాత చొక్కాను ప్రతి శనివారము తన చేతులతో నుదికి యారవేయుచునే యున్నది. ఈ చొక్కాను గూర్చి చదువరులతో నాలుగు మాటలు చెప్పుకొనవలయునని చాల దినములుగా ననుకొనుచున్నాను. ఆలస్యమునకు కారణము సిగ్గు. ఆ సిగ్గెట్టిదో ముందు తెలియగలదు.

"ఆటల గొడవ మనకేల?" అని పెద్దలనవచ్చును. నేనును అట్లే యనెడువాడను. ముప్పదియైదేండ్లు బడిలో లెక్కలు చెప్పి, విశ్రాంతి గైకొని, వెస్టు మారేడ్‌పల్లిలో నివసించుచున్న నాకు, చొక్కామీద నొక బొమ్మ మారినంతమాత్రమున మనుష్యులకు నిద్రపట్టకపోవుట వింతగా తోచెడిది. కాని నిదానించి చూడగా, పేరన్నది వట్టి శబ్దము కాదని మా పేటయే నాకు పాఠము చెప్పినది. మారేడ్‌పల్లి యను పేరులో మారేడున్నది, పల్లె యున్నది. మా వీధిలో నిపుడు మారేడుచెట్టు లేదు. పల్లె యెన్నడో పోయి మేడలు లేచినవి. అయినను ఆ పేరు తీసివేసి మరియొకటి పెట్టుదుమని యెవరైన వచ్చినచో మేమూరకుందుమా? సికింద్రాబాదునకు 1806లో నిజాము సికందర్ జా పేరిట ఆ నామము వచ్చినది. రెండువందల యేండ్లు దాటినవి. నేటికిని పొరుగూళ్లవారు మమ్ము హైదరాబాదువారని పిలిచినచో, "కాదండీ, సికింద్రాబాదు" అని దిద్దక మానము. పేరు పెట్టినవాడొక్కడు, దానిని నోట బెట్టుకొని బ్రతికించినవారు వేలమంది. ఈ రెండవవారి హక్కు ఏ దస్తావేజులోను వ్రాయబడి యుండదు.

మా నాయనగారికి ఫుట్‌బాల్ ప్రాణము. ఆయన యౌవనమున హైదరాబాదు సిటీ పోలీసు జట్టు దేశమునంతను గెలిచినది. 1950లో కలకత్తా మోహన్ బగాన్ జట్టు నోడించి డ్యూరాండు కప్పును తెచ్చినది. బొంబాయిలో జరిగెడు రోవర్సు కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా నైదేండ్లు మరియొకరి చేతికి పోనీయలేదు. ఆ జట్టునకు శిక్షకులు సయ్యద్ అబ్దుల్ రహీంగారు. ఆయన యొకప్పుడు బడిపంతులు. ఆయన శిక్షణలోనే భారతదేశపు జట్టు 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సున నాలుగవ స్థానమును, 1962లో జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకమును పొందినది. మెల్బోర్నునకు పోయినవారిలో మా సికింద్రాబాదు ప్రక్కనున్న అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాంగారును గలరు.

రాష్ట్రము ఆంధ్రప్రదేశమైన పిమ్మట ఆ సిటీ పోలీసు జట్టే ఆంధ్రప్రదేశ్ పోలీసు అను పేరున నాడసాగినది. 1961లో ఆ పేరుతోనే మరల మోహన్ బగాను నోడించి డ్యూరాండు కప్పును గెలిచినది. నాకప్పుడెనిమిదేండ్లు. నాయనగారు మాత్రము తుదివరకు "సిటీ పోలీస్" అనియే పిలిచెడివారు. "పేరు మారింది కదా నాన్నగారూ" అని నేనొకనాడు దిద్దబోయితిని. ఆయన నవ్వి, "పేరు మార్చింది సర్కారు. ఆడేది మనవాళ్లే, ఆడేది మనూళ్లోనే. నన్నెవరు మార్చమంటారు?" అనిరి. ఆ సమాధానమునందలి తర్కము నాకప్పుడు బోధపడలేదు. మనుష్యులును, మైదానమును నిలిచియుండగా పేరు మారినను పెద్దగాయము కాదనియు, మనుష్యులను మైదానమును విడిచి పోయినచో పేరు నిలిచినను ప్రయోజనము లేదనియు ఆయన భావము.

దీనికి సాక్ష్యము మా కాలమునను గలదు. 2008లో క్రికెట్టు లీగు మొదలైనపుడు మన యూరి జట్టు పేరు డెక్కన్ చార్జర్స్. దూకుచున్న వృషభము దాని గుర్తు. మొదటి యేట నన్నిటికంటె నడుగున నిలిచి, మరుసటి యేట దక్షిణాఫ్రికాలో కప్పు గెలిచినది. 2012లో ఆ జట్టు రద్దై, క్రొత్త యజమానులతో సన్‌రైజర్స్ అను పేరున వేరొక జట్టు వచ్చినది. ఎద్దు పోయి గ్రద్ద వచ్చినది; నారింజరంగు వచ్చినది. మా వీధిలోని కుర్రవాండ్రు ఆ పేరును, ఆ రంగును జూచి కొన్ని నెలలు పరిహాసము చేసిరి. తరువాత 2016లో ఆ జట్టు కప్పు గెలిచెను. పరిహసించిన వారే నారింజ చొక్కాలు తొడిగికొని మోటారుసైకిళ్లపై నూరేగిరి. ఊరు మారలేదు గనుక మనసులు మెల్లగా నతుకుకొన్నవి.

ఇక ఫుట్‌బాల్ సంగతి. 2019 ఆగస్టులో హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు పుట్టినదని వార్త వచ్చినపుడు మా యింట పండుగయే. సిటీ పోలీసు దినములు మరల వచ్చునని నేను నాయనగారి పటమునకు చెప్పుకొంటిని. ఆ జట్టు వట్టి నేలమీద మొలవలేదు. 2014 మొదలు ఇండియన్ సూపర్ లీగులో నాడుచుండిన పూనా నగరపు జట్టు మూతపడగా, దాని స్థానమున మన జట్టు వచ్చినది. ఆ సంగతి పత్రికలలో నుండెను. చదివితిని. చదివి పుట త్రిప్పితిని.

నా మేనల్లుడు పూనాలో నుద్యోగము చేయుచున్నాడు. అక్కడికి పోయిన క్రొత్తలో నెవరును తెలియని యూర నతనికి స్నేహితుల నిచ్చినది ఆ జట్టే. ఆటలు జరిగెడి సాయంకాలములందు బాలేవాడి క్రీడాంగణమునకు పోయి, నారింజచొక్కాల నడుమ కూర్చుండి, మరాఠీ పాటలు నేర్చుకొన్నాడట. జట్టు పోయిన దినమున నాకు టెలిఫోను చేసినాడు.

"మామయ్యా, మా జట్టు ఇక లేదట" అన్నాడు.

"లేకపోవడమేమిటిరా? మా ఊరికి వచ్చింది. ఆటే కదా, ఇంకోటి చూసుకో" అని నేను బిగ్గరగా నవ్వితిని.

కొంతసేపు నిశ్శబ్దము. "సరే మామయ్యా" అని ఫోను పెట్టివేసినాడు. నేను చేసినది క్రౌర్యమని నాకప్పుడు తోచలేదు. శుభవార్త చెప్పినట్లే యనుకొంటిని.

మా మనుమరాలికప్పుడు తొమ్మిదేండ్లు. మొదటి యేట మన జట్టు పట్టికలో చిట్టచివర నుండినను, ఆ పిల్ల దానిని విడువలేదు. తరువాతి రెండేండ్లును మహమ్మారివలన ఆటలన్నియు గోవాలోనే జరిగినవి. 2022 మార్చి 20వ తేదీన ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్సుతో తుదిపోటీ. కేరళమువారు ముందు గోలు వేసిరి. ఆట ముగియుటకు రెండు నిమిషముల ముందు సాహిల్ తవోరా సమము చేసెను. పెనాల్టీలలో గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమని మూడు బంతుల నాపగా మనవారు మూడు–ఒకటిగా గెలిచిరి. ఆ రాత్రి మా డాబామీద కొట్టిన పళ్లెముల చప్పుడునకు క్రిందివాటా వారు లేచి వచ్చిరి.

ఆ తరువాతి యేట ఆటలు గచ్చిబౌలికి తిరిగి వచ్చినవి. పరేడ్ గ్రౌండ్సు స్టేషనులో మెట్రో యెక్కి, రాయదుర్గములో దిగి, అక్కడ ఆటో మాట్లాడుకొని మేమిద్దరమును పోయెడివారము. "ఆడపిల్లకు ఫుట్‌బాలేమిటి, రాత్రిపూట ఆ తిరుగుడేమిటి" అని బంధువులలో నొకరిద్దరు గొణిగిరి. మా కోడలు "తాతగారు కూడా ఉన్నారు కదండీ" అని మెత్తగా బదులు చెప్పెను. నిజమునకు నేను కాపుగా పోవుటలేదు. ఆ పిల్లయే నాకు చేయూత. మెట్ల వరుసలలో నాకు చోటు చూపి, ఎవ్వరిని ఏ పేరున పిలువవలయునో చెప్పి, ఎప్పుడు లేవవలయునో, ఎప్పుడు కూర్చుండవలయునో యాజ్ఞాపించెడిది. డెక్కన్ లీజియన్ అను అభిమానసంఘమువారు డోళ్లు వాయించుచు పాడుచుండగా, ఆడపిల్లలును మగపిల్లలును బెరుకు లేక యొక్కచో నిలిచి గొంతు కలుపుట నా వంటి వానికి క్రొత్త చూపు. ఏ ఉపన్యాసమును చేయలేని సంస్కారము ఒక పసుపుచొక్కా చేయుచున్నదని మనసులో ననుకొంటిని.

2023–24లో జట్టు చితికిపోయినది. జీతములు బాకీపడినవని, ఆటగాండ్రు వెడలిపోయిరని పత్రికలు వ్రాసినవి. ఇరువదిరెండు ఆటలలో గెలుపొక్కటే. మెట్లు బోసిపోయినవి. నేను మోకాళ్లనొప్పియని చెప్పి మానుకొంటిని. నొప్పి కొంత నిజమే. గెలిచెడి దినములలో ఆ మోకాళ్లే నన్ను గచ్చిబౌలికి మోసికొని పోయిన మాటయు నిజమే. మనుమరాలు మాత్రము స్నేహితురాండ్రతో పోవుచునే యుండెను.

ఢిల్లీ వార్త వచ్చిన నాడు మా పేటలో విన్న మాటలు నాలుగు విధములు. టీబండికడ నొక యువకుడు, "వాళ్ల డబ్బు, వాళ్ల జట్టు, వాళ్లిష్టం" అనెను. మరియొకడు తన చొక్కాను పాతగుడ్డల మూటలో వేసితినని గొప్పగా చెప్పెను. మూడవవాడు, "హైదరాబాదుకు జట్టుండేదా?" అని యాశ్చర్యపడెను, అన్నిటికంటె ఆ మాటయే గ్రుచ్చుకొన్నది. నాలుగవది మా యింటి ప్రశ్న. అన్నము ముందు కూర్చుండి, చేయి కలుపకయే, ఆ పిల్ల నన్నడిగెను:

"తాతయ్యా, జట్టు ఎవరిది?"

లెక్కలు చెప్పినవాడను గదా, సమాధానము సులభమనుకొంటిని. వాటాలెవరివో జట్టు వారిదే. కాని వాటాదారులకు చొక్కా నుదుకు పని లేదు. ఒక్క గెలుపు వచ్చిన యేట బోసి మెట్లమీద కూర్చుండు పని లేదు. ఈ పదార్థములో నొక భాగము సొమ్ముతో వచ్చినది. రెండవ భాగము ప్రేమతో వచ్చినది. మొదటి భాగమునకు పత్రములున్నవి, రెండవదానికి లేవు. "చట్టప్రకారం వాళ్లదే తల్లీ" అంటిని. "చట్టం తప్పు" అని లేచిపోయినది.

చట్టము నిజముగా తప్పగునా యని నాకును తరువాత సందేహము కలిగినది. లోకములో నితరులేమి చేసిరో చదివితిని. 2012లో కార్డిఫ్ నగరపు జట్టు యజమాని తరతరముల నీలిరంగును తీసివేసి యెరుపు తొడిగించెను. అభిమానులు విడువక పోరగా 2015 జనవరిలో నీలిరంగు తిరిగి వచ్చినది. 2018లో లీడ్సు జట్టు వారు రొమ్ముమీద పిడికిలి యుంచుకొన్న మనుష్యుని బొమ్మను క్రొత్త గుర్తుగా చూపగా, వేలకొలది జనులు సంతకములు చేసి దానిని మాన్పించిరి. లండనులోని వింబుల్డన్ జట్టును 2003లో మిల్టన్ కీన్సునకు తరలించిరి. ఆ తరలింపునకు అనుమతి వచ్చిన 2002లోనే అభిమానులు తామే యొక జట్టును స్థాపించి, పచ్చికబయలులో పరీక్ష పెట్టి ఆటగాండ్ర నెన్నుకొని, తొమ్మిదవ మెట్టునుండి మొదలిడి, 2011 నాటికి పెద్దల లీగులోనికి ఎక్కి వచ్చిరి. జర్మనీలో కొద్ది మినహాయింపులు తప్ప, జట్టుపై నధికసంఖ్యాకములగు వోట్లు సభ్యులవే కావలయునను నియమము 1998 నుండి నడుచుచున్నది. ఇంగ్లండులో 2025లో చేసిన శాసనము అభిమానులలో నెక్కువమంది యొప్పుకొననిదే చిహ్నమును, సొంతమైదానపు చొక్కా ముఖ్యవర్ణమును మార్చరాదని కట్టడి చేసినది. ప్రేమకును పత్రము వ్రాయవచ్చునని దీనివలన తేలుచున్నది.

ఈ సంగతులన్నియు కాగితముమీద వ్రాసికొని మనుమరాలికి చూపవలయునని యుండగా దీపావళి వచ్చినది. పండుగకు మేనల్లుడును వచ్చినాడు. సంచిలోనుండి మిఠాయిపొట్లముతోబాటు ఒక నారింజచొక్కా తీసినాడు. మెడకడ వెలిసిపోయి యున్నది. మనుమరాలు దానిని చేతబట్టుకొని గుర్తును వ్రేలితో తడవి చూచెను.

"మామయ్యా, నీకు ఎన్నాళ్లకు తగ్గింది?"

"తగ్గలేదమ్మా. అలవాటైంది."

"మరి మేం కప్పు గెలిచినప్పుడు?"

"చూశాను. ఎవరివైపు ఉండాలో తెలియక మధ్యలో టీవీ కట్టేశాను. ఉండలేక మళ్లీ పెట్టాను."

నేను వసారాలో నుంటిని. ఆ మాటలు నా చెవిని బడినవి. 2022లో మేము పళ్లెములు కొట్టిన ఆ రాత్రి పూనాలో నొక గదిలో నొకడు టీవీ కట్టి, మరల పెట్టి, ఒంటరిగా కూర్చుండెను. వాడు నా చెల్లెలి కొడుకు. ఆరేండ్లలో నేనొక్కమారును వానిని ఆ సంగతి యడుగలేదు. ఆలస్యమునకు సిగ్గు కారణమని మొదట చెప్పితినే, ఆ సిగ్గిదియే. లోనికి పోయి, "నాయనా, ఆ రోజు నేను నవ్వకుండా ఉండవలసింది" అంటిని. పెద్దవాడు చిన్నవానికి క్షమాపణ చెప్పుట మన యిండ్లలో నలవాటు లేని పని, మాట తడబడినది. వాడు తలవంచుకొని, "ఇప్పుడు మీకూ తెలిసింది కదా మామయ్యా" అనెను. ఆ మాటలో నెత్తిపొడుపు లేదు. అందుచేతనే మరింత తగిలినది.

అంతట మనుమరాలు, "అయితే ఢిల్లీవాళ్లు ఇప్పుడు సంతోషంగా ఉంటారు కదా?" అనెను. మేనల్లుడు చెప్పినది విని నేను తెల్లబోయితిని. ఢిల్లీకిని 2014 నుండి ఢిల్లీ డైనమోస్ అను జట్టు నుండెను. అదియు 2019 ఆగస్టులోనే భువనేశ్వరమునకు పోయి ఒడిశా జట్టుగా మారినది. పూనాది మనకు, ఢిల్లీది ఒడిశాకు, మనది ఢిల్లీకి! పిల్లలాడు కుర్చీలాటవలె పాట ఆగినప్పుడెల్ల నొక యూరు నిలుచుండిపోవుచున్నది. కూర్చున్న యూరు చప్పట్లు కొట్టుచున్నది. ఢిల్లీలో నేడొక తాత తన మనుమరాలికి క్రొత్తచొక్కా కొని యుండవచ్చును. అతని యానందమును తప్పుపట్టుటకు నాకేమి హక్కు?

చదువరులారా, యజమానులను దూషించుట సులభము. సొమ్ము పెట్టినవాడు నష్టమునకు వెరచి వెడలిపోవుట క్రొత్త కాదు. నేను విచారించునది మన సంగతి. గెలిచిననాడు "మనది" యంటిమి. ఓడిననాడు "వాళ్లది" యంటిమి. ఊరికి జట్టు వచ్చినపుడు ఎచ్చటనుండి వచ్చినదని యడుగలేదు. మెట్లు బోసిపోవుచున్నపుడు ఎందువలన నని యడుగలేదు. సభ్యత్వమడుగలేదు, చందా కట్టలేదు, పేరునకును చిహ్నమునకును రక్షణ కోరలేదు. హక్కు కోరువాడు భారమును మోయవలయును. మన గ్రంథాలయములు, బాలికాపాఠశాలలు నట్లే నిలిచినవి: ఒక్కొక్క యింటినుండి అణాయో బేడయో చందా యిచ్చి, లెక్క యడిగి, సభలో చేయెత్తినవారివలన నిలిచినవి. ఆటలజట్టుమాత్ర మేల నట్లు నిలువరాదు?

మా మనుమరాలు పదునైదేండ్లది. ఆదివారము ప్రొద్దున మా పేట పిల్లలతో గలిసి ఒక బడి మైదానమున నాడుచున్నది. పదునొకండుగురు కుదరక తొమ్మిదిమందితో సరిపెట్టుకొనుచున్నారు. జట్టుకు పేరు పెట్టుటకు మూడు వారములు తగవులాడిరి, ఇంకను తేలలేదు. పేరు తేలకముందే నియమములు మాత్రము నోటుపుస్తకములో వ్రాసికొన్నారు. అందు రెండవ నియమము: "పేరు, రంగు, గుర్తు అందరూ ఒప్పుకుంటేనే మార్చాలి." చందా నెలకు పది రూపాయలు. నేనొక సంవత్సరమునకు నూటయిరువది ముందుగా చెల్లించితిని. రసీదు వ్రాసి యిచ్చుచు, "నీకు ఓటుంది తాతయ్యా, కాని మోకాళ్లనొప్పి అని మానేస్తే పోతుంది" అని హెచ్చరించినది.

ప్రొద్దు వాలుచున్నది. దండెముమీది చొక్కా యారినది. ఆ పిల్ల ట్యూషనునుండి వచ్చులోగా దానిని మడిచిపెట్టవలయును. గుర్తు లోపలికి పోకుండ, పైకి కనబడునట్లు.